బదిలీ శిక్ష కాదంట

సిద్దిపేటకు రైలొచ్చింది 2023 అక్టోబరు 3న. ఆ వారంలోనే ఒకరోజు మా బడి పిల్లల్ని తీసుకొని స్టేషనుకు పోయిన. పిల్లలు ఇంజను చూస్తున్నరు. నేను పట్టాల కింది కంకర చూస్తున్న. మా బాపు రైల్వేల గ్యాంగ్‌మన్. ఈ లైను మీద కాదు, అప్పుడు మాకు రైలెక్కడిది! దూరంగ ఇంకో లైను మీద. పట్టాల కింద కంకర కూరి కూరి ఆయన అరచేతుల గీతలు అరిగిపోయినయి. మాదిగోని చేతి గీతలు చూసి జాతకం చెప్పేటోడెవడు లెండి.

నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు గ్యాంగు సామాను గదిలోంచి కొంత ఇనుము పోయింది. గ్యాంగుల పన్నెండు మంది. అనుమానం ఇద్దరి మీదికే పోయింది. ఆ ఇద్దరిదీ మాదిగవాడే. ఎవ్వరూ చూసింది లేదు, ఎక్కడా దొరికింది లేదు. చార్జిషీటు ఇయ్యలేదు, సంజాయిషీ అడగలేదు. నెల తిరగకముందే ఇద్దరికీ చెరో దిక్కు కాగితం వచ్చింది: పరిపాలనా కారణాల వల్ల బదిలీ. బాపు పై అధికారి దగ్గరికి పోయి "నేనేం తప్పు చేసిన సారూ" అని అడిగిండు. "నిన్ను దొంగ అని ఎవడన్నడురా? ట్రాన్స్‌ఫరే కదా" అన్నడాయన.

కాగితంల దొంగతనం ఊసే లేదు. కానీ కొత్త చోటికి బాపు కంటే ముందే ఆ మాట చేరింది. అక్కడ పదకొండేండ్లు పని చేసిండు. సామాను గది తాళంచెవి ఒక్కనాడు ఆయన చేతికియ్యలేదు. దొంగ అని ఎవ్వరూ అనలేదు కాబట్టి, దొంగ కాదు అనాల్సిన పనీ ఎవ్వరికీ పడలేదు.

డిగ్రీ అయినంక రూల్సు సంపాదించి చదివిన. రైల్వే ఉద్యోగులకు 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమాలున్నయి. మందలింపు నుంచి డిస్మిసల్ దాకా శిక్షలన్నీ అందులో రాసున్నయి. బదిలీ ఆ జాబితాలో లేదు. రాజ్యాంగం 311వ అధికరణ కూడా డిస్మిసల్, తొలగింపు, హోదా తగ్గింపు గురించే మాట్లాడుతుంది. శిక్ష అయితే అభియోగం చెప్పాలి, జవాబు వినాలి, పెద్ద శిక్షయితే సాక్షులను పిలవాలి. ఆపైన అప్పీలుంటది. బదిలీకి ఇవేవీ అక్కరలేదు, అది సర్వీసులో భాగమట!

1967 మార్చిలో రైల్వే బోర్డు ఇంకో మాట చెప్పింది. ఉద్యోగం పోయేంత ఆరోపణ మీద విచారణ నడుస్తున్న నాన్ గెజిటెడ్ ఉద్యోగిని, ఆ విచారణ తేలేదాకా వేరే రైల్వేకు పంపకూడదు. మొదట కటువుగా అనిపించింది. తర్వాత అందులో ఒక న్యాయం కనపడ్డది. నింద ఎక్కడ పుట్టిందో అక్కడే తేలాలి. కానీ మా బాపును పంపింది అదే రైల్వేలో ఇంకో చోటికి. పైగా విచారణే మొదలుపెట్టకపోతే ఏ రూలు ఆపుతది? సుప్రీంకోర్టు 2004లో జనార్దన్ దేబనాథ్ అనే తపాలా ఉద్యోగి కేసులో, బదిలీ చేయడానికి తప్పు జరిగిందా లేదా అని పూర్తి విచారణ అవసరం లేదన్నది. 2008లో సోమేశ్ తివారీ కేసులో, శిక్షకు బదులుగా చేసిన బదిలీ చెల్లదన్నది. ఈ రెండు తీర్పుల నడుమ సందులో ఎంతమంది గ్యాంగ్‌మన్లు, స్వీపర్లు మూటాముల్లె సర్దుకొని పోయిన్రో.

అందుకే విచారణ అడగడమే ఆత్మగౌరవం అనుకుంటూ వచ్చిన. పోయినేడు మా బడిల మధ్యాహ్న భోజనం బియ్యం తక్కువొచ్చినయి. అటెండరు మీద అనుమానం. అతను మావోడే. "కేసెందుకు, ట్రాన్స్‌ఫర్ పెట్టిద్దాం, వానికీ మంచిదే" అని స్టాఫంతా కాగితం రాసిన్రు. నేను సంతకం పెట్టలేదు. విచారణ కావాలన్న. సాయంత్రం అతనే నా దగ్గరికొచ్చిండు.

"మీరు చదువుకున్నోళ్ళు సారూ. ఎంక్వైరీ చేసేదెవరు? సాక్ష్యం చెప్పేదెవరు? ఆ కాగితం రాసినోళ్ళే కదా. ఉద్యోగం పోతే మీరిస్తరా? నన్ను పోనియ్యిండ్రి."

"నీ తరఫున నేను కూసుంట" అన్న.

"మీ మాట ఇంటరా సారూ?"

నాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి బాపును అడిగిన, అప్పుడు విచారణ చెయ్యమని ఎందుకు కొట్లాడలేదని. రిటైరై ఇంట్లనే ఉంటడు, చెవులు సరిగ్గ వినపడవు. రెండుసార్లు అడిగితే అన్నడు, "కొట్లాడితే తీసేద్దురు బిడ్డా. నువ్వు బీఈడీ యాడ చేద్దువు?"

అవ్వ పక్కనుంచి, "ఆ తాళంచెవి ముచ్చట ఇప్పటికీ నిద్రల అంటడు" అన్నది.

తెల్లారి అటెండరు తనంతట తానే బదిలీకి దరఖాస్తు రాసుకొచ్చిండు. ఇంగ్లీషు సరిచూడమని నాకే ఇచ్చిండు. రెండు స్పెల్లింగులు దిద్ది ఇచ్చిన.