ఉడుపు సరిపోనిచో తప్పెవరిది?

ఒక యుడుపు ఒకరికి సరిపోలేదు. తప్పు ఉడుపుదా, ఒడలిదా? ఈ ప్రశ్న విన్నవారు నవ్వుదురు. గుడ్డకు ధర్మాధర్మము లేమిటని యడుగుదురు. నిరుటివఱకు మేమును అట్లే యడిగియుందుము. మా చెల్లెలితోగూడ అంగళ్లు తిరిగిన పిదప ఇది నవ్వి విడువదగిన ప్రశ్న కాదని మాకు తెలిసినది.

మా చెల్లెలు మహబూబునగరమున కాపురమున్నది. ఇద్దరు బిడ్డలును బడికి పోవు ప్రాయము వచ్చిన పిమ్మట, ముప్పదియైదవ యేట, పరీక్ష వ్రాసి యొక యుద్యోగమునకు ఎన్నికయినది. హైదరాబాదులో శిక్షణకు రమ్మని వచ్చిన యుత్తరమున ప్యాంటు, షర్టు, కోటు ధరించి రావలెనని యుండెను. ఆమెది లావైన యొడలు. ఈ మాటను మేము మెత్తపఱచి వ్రాయుట లేదు. ఆమెయు మెత్తపఱచి చెప్పుకొనదు. మొదట తన యూరిలో గడియారస్తంభము చుట్టునున్న యంగళ్లు చూచినది. తరువాత మా యింటికి వచ్చినపుడు నల్లగొండలో గడియారస్తంభము చుట్టునున్న యంగళ్లు ఇద్దరమును చూచితిమి. (రెండూళ్లకును గడియారస్తంభ మున్నది, రెండూళ్లలోను ఆమెకు కోటు లేదు.) ఒక యంగడిలోని కుఱ్ఱవాడు మేము నోరు విప్పకమునుపే “మీ సైజు రాదు మేడం, చీరలు అటు పక్కకున్నయి” అనెను. వాడు ఎగతాళి చేయలేదు. మర్యాదతోనే చెప్పెను.

హైదరాబాదు పోతిమి. అచ్చట నాలుగంతస్తుల యంగడిలో ఆడువారి కోట్లలో అన్నిటికంటె పెద్దదానిని తీసి యిచ్చిరి. భుజములకు ఎక్కినది గాని బొత్తాములు కలియలేదు. బట్టలు మార్చుకొను గదినుండి ఆమె చాలసేపటివఱకు వెలుపలికి రాలేదు. అదే యంగడిలో, పై యంతస్తున, మా నడుమునకు సరిపడు ప్యాంట్లు వరుసగా వ్రేలాడుచుండెను. నలువది దాటిన మగవానికి పొట్ట వచ్చునని వర్తకుడు ముందుగనే యెఱిగి సిద్ధపఱచి యుంచినాడు. ఆ పొట్టను చూచి మాకెవ్వరును హితము చెప్పలేదు.

తిరుగు బస్సులో హితము చెప్పినవారము మేమే. “కొంచెం ఒళ్లు తగ్గించుకుంటే ఈ తిప్పలుండవు కదమ్మా” అంటిమి. అప్పటికి బస్సు కొయ్యలగూడెము చేరువలో నున్నది. ఆమె బదులు పలుకలేదు. చిట్యాల వచ్చిన తరువాత, కిటికీనుండి ముఖము త్రిప్పకయే, “బక్కగయ్యేదాక కొలువుకు పోవద్దా అన్నా?” అనెను. తర్కసంగ్రహము చదివిన మాకు ఆ ప్రశ్నకు ఇల్లు చేరువఱకు ఉత్తరము దొరకలేదు. ఈనాటికిని దొరకలేదు.

ఒడలు తగ్గుట మంచిదా కాదా యనునది ఆమెయు వైద్యుడును కూర్చుండి మాటలాడుకొనవలసిన సంగతి. అందులో ప్రసవములున్నవి, థైరాయిడున్నది, వంశమున్నది, వయస్సున్నది. అది యెట్లు తేలినను నెలలమీదనో యేండ్లమీదనో తేలును. కోటు వచ్చు సోమవారమునకు కావలెను. రేపటి దేహమును చూపి నేటి దేహమునకు గుడ్డ లేదనుట యెట్టి న్యాయము?

సంస్కృతమున ప్రమాణమనగా కొలత. నమ్మదగిన యాధారమునకును ప్రమాణమనియే పేరు. కొలువబడునది ప్రమేయము. గుడ్డకు దేహమే ప్రమాణముగా నుండిన కాలము మన తెలుగు మాటలలోనే కనబడుచున్నది. జానెడు, మూరెడు, బారెడు, ఇవన్నియు చేతితో కొలిచిన కొలతలు. పూలమ్మువారు నేటికిని మూరతోనే కొలుతురు. మా బస్సు దాటివచ్చిన కొయ్యలగూడెము, దానికి లోపలనున్న పోచంపల్లి, మా చెల్లెలి వైపున గద్వాల, నారాయణపేట, ఈ యూళ్ల మగ్గములమీద నేయు చీర సాధారణముగా పన్నెండు మూరలు, అనగా ఆరు గజములు. (2016లోను 2019లోను జిల్లాలు చీలకమునుపు ఈ యూళ్లన్నియు నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలోనివే.) నేయువాడు ఆ చీరను కట్టబోవునది యెవరో యెఱుగడు, ఎఱుగ నక్కఱయు లేదు. సన్నని యామెకు కుచ్చెళ్లు నాలుగు ఎక్కువ వచ్చును, లావైన యామెకు నాలుగు తక్కువ వచ్చును. అంతియే భేదము.

అట్లయిన చీరయే కట్టుకొనరాదా యని మా బంధువులలోని పెద్దలు అనిరి. అంగడి కుఱ్ఱవాడు అన్నదియు అదియే గదా. మాకు చీరయందు గౌరవము తక్కువ కాదు. కాని యొకతె యిష్టపడి చీర కట్టుట వేఱు, మఱేదియు దొరకక కట్టుట వేఱు. శిక్షణకు తోడివారందఱును కోట్లతో వచ్చిరి. మా చెల్లెలొక్కతెయే నారాయణపేట చీరతో కూర్చున్నది. అందమైన చీరయే. అయినను ఆ గదిలో అది, ఈమెకు తగినది దొరకలేదని పదిమందికిని చాటుచుండెనని యామె మాతో చెప్పినది. నిజాము కాలమున కచేరీకి పోవువారు శేర్వానీ ధరించుట మర్యాదగా నుండెను. అదియు పైనుండి వచ్చిన కట్టుబాటే. కాని దర్జీ మనిషిని ఎదుట నిలువబెట్టి కొలిచి కుట్టెడివాడు గనుక, లావుగా నున్నవానికి శేర్వానీ లేదను మాట వినబడలేదు.

కొలత మనిషి చేతినుండి అంగడి చేతికి పోయినది సిద్ధముగా కుట్టిన బట్టలతోనే. అమెరికాలో 1939, 1940 సంవత్సరములలో ప్రభుత్వ వ్యవసాయశాఖవారు సుమారు 15,000 మంది స్త్రీలను కొలిపించిరి. తెల్లజాతివారు కానివారి కొలతలను లెక్కనుండి తీసివేసిరి. ఆ యంకెల యాధారముననే 1958లో సైజుల పట్టిక యొకటి వెలువడినది. ఈ నడుమ, 1945లో, ఆ దేశమునందే క్లీవ్లండు నగరపు పత్రిక యొకటి పందెము పెట్టినది. వేలకొలది యువతుల కొలతల సగటునుబట్టి చేసిన ‘నార్మా’ యను విగ్రహమునకు సరిపోలు స్త్రీ యెవరని యడిగినది. దాదాపు 4,000 మంది తమ కొలతలు పంపిరి. తొమ్మిది కొలతలలోను సరిపోయినవారు ఒక్కరును లేరు. ఈ సంగతి మా చెల్లెలికి చెప్పినపుడు, కోటు మాట మొదలయిన తరువాత మొదటిసారి ఆమె నవ్వినది.

మన యంగళ్లలోని ఎక్స్‌ఎల్, డబుల్ ఎక్స్‌ఎల్ అను గుర్తులు ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క కొలత. మనవారి దేహములకు తగిన పట్టిక కొఱకు జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థవారు ఆరు నగరములలో 25,000 మందిని కొలువ సంకల్పించిరి. అందు హైదరాబాదు ఒకటి. మంచి పనియే. కాని చిక్కు పట్టికలో మాత్రమే లేదు. నడిమి సైజునకు కాగితపు నమూనా గీసి, దానినే అన్నివైపుల పెంచుకొనుచు పోవుట వాడుక. దేహము అట్లు పెరుగదు. నడుము ఆరంగుళములు పెరిగిన స్త్రీకి భుజము అంత పెరుగదు. చేయి పొడవు అసలే పెరుగదు. అందుచేత పెద్ద సైజు దొరికినచోటను భుజములు జాఱును, చేతులు వ్రేళ్లను కప్పివేయును.

అమ్ముడుపోని సరకు పెట్టుబడిని తినునని వర్తకుడు చెప్పును. ఆ మాటను మేము కొట్టివేయము. కాని యడుగువారు లేరని యతడెట్లు ఎఱుగును? ఒకసారి ‘రాదు’ అనిపించుకొన్న స్త్రీ మరల ఆ గడప ఎక్కదు. ఆమె రాకపోవుటను అతడు గిరాకీ లేకపోవుటగా లెక్క వ్రాసికొనును. ఇంతకును అతనికంటె ఎక్కువ బాధ్యత ఉడుపును విధించినవారిదని మా యభిప్రాయము. ఈ యుడుపు దొరకనివారు తమకు తగిన శుభ్రమైన దుస్తులు ధరింపవచ్చునని ఉత్తరమున నొక పంక్తి చేర్చుటకు వారికి కాసు ఖర్చు లేదు.

చివరకు కోటు కుట్టినది నల్లగొండలో మాకు బట్టలు కుట్టు మేరాయన. ఆడువారి కోటు తాను అంతకుమునుపు కుట్టలేదని దాచక చెప్పెను. భార్యను పిలిచి కొలతలు తీయించెను. ఆమె టేపు పట్టి అంకెలు చెప్పుచుండగా ఇతడు పుస్తకమున వ్రాసికొనెను. మా చెల్లెలు ఆదివారములందు వచ్చి తొడిగి చూచుకొనుచుండెను. మొదటిసారి చంకలక్రింద బిగిసినది. విప్పి మరల కుట్టెను. రెండవసారి వీపున ముడుత పడినది. మూడవ యాదివారమునకు కుదిరినది. అంగడి కోటుకంటె ఖరీదు ఎక్కువే యైనది. చేతిలో డబ్బు లేనివారికి ఈ దారియు లేదు.

ఆ పుస్తకమున మా కొలతలును ఉన్నవి. ఏటేట నడుము అంకెను కొట్టివేసి ప్రక్కన క్రొత్తది వ్రాయుచుండును. దానిని గూర్చి యతడు మాతో నేటివఱకు ఒక్క మాటయు ననలేదు.