జతపనివారి ఆసక్తి

పఠనము: రోమా 10:1–4; అపొ. కార్యములు 9:26–28, 11:22–26

మితిమీరిన ఉత్సాహముతో ముందుకు దూకువానిని ఆంగ్లమున వాడుకమాటలో 'గంగ్ హో' అందురు. ఆ మాట పుట్టినది చైనాలో. 1938లో, జపానుతో యుద్ధము జరుగుచుండగా, అచ్చట పారిశ్రామిక సహకార సంఘములు ఏర్పడెను. వాటి పేరును కుదించి రెండక్షరములుగా పలికిరి. ఒకటి పనిని, రెండవది కూడికను తెలుపును. అమెరికా మెరీను దళాధికారి ఇవాన్స్ కార్ల్‌సన్ దానిని 'కలిసి పనిచేయుట' అని గ్రహించి, 1942లో తన సైనికులకు నినాదముగా ఇచ్చెను. 1943లో అదే పేరుతో చలనచిత్రము వెలువడెను. కాలక్రమమున ఆ మాటలో ఉత్సాహము మిగిలెను. 'కలిసి' అనునది జారిపోయెను.

విశ్వాసి ఆసక్తికిని ఈ గతి పట్టవచ్చును. జ్ఞానము లేని ఆసక్తి ఎట్టిదో పౌలు స్వానుభవముచే ఎరుగును. సంఘమును హింసించిన దినములలో అతనికి ఆసక్తి కొదువ కాలేదు. అతడు మారిన పిమ్మట యెరూషలేము శిష్యులు నమ్మక భయపడగా, చేరదీసినవాడు బర్నబా. అంతియొకయలో పని పెరిగినప్పుడు బర్నబా దానిని తానొక్కడే మోయబూనక, తార్సునకు పోయి సౌలును వెదకి తెచ్చెను. ఏడాది పొడుగున ఇరువురును కూడి బోధించిరి. 'క్రైస్తవులు' అను పేరు మొదట పుట్టినదియు ఆ ఊరనే.

తరువాత పౌలు తన తోడివారిని పిలిచిన మాటను తెలుగు బైబిలు 'జతపనివారు' అని అనువదించినది. ఆంగ్ల వాడుక పోగొట్టుకొనిన అర్థము ఈ తెలుగు మాటలో నిలిచియున్నది. సంఘములో అందరికంటె ముందు పరుగెత్తువాడు ఒకమారు వెనుదిరిగి చూడవలెను. వెంట ఎవరును లేనియెడల, అతని ఆసక్తి ఎవరి పని చేయుచున్నది?