పేరడగని చోట్లు

కాలేజీ దోస్తులం కలిసినప్పుడల్లా ఒక ముచ్చట తప్పకుండా వస్తది. ఆ రోజుల్లో పట్నంలో ఎవరికి ఏ జాగ ఇష్టం అని. ఒకరు బిర్లామందిర్ మెట్లంటారు. ఒకరు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం అంటారు. ఇంకొకరికి గోల్కొండ. నేను చెప్పేవి అఫ్జల్‌గంజ్ లైబ్రరీ, ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల ఫుట్‌పాత్, డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తు, ఇరానీ హోటల్. "ఇవేం చూడదగ్గ చోట్లురా" అని నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళు పట్నానికి చూడటానికి వచ్చినోళ్ళు. నేను కనబడకుండా ఉండటానికి వచ్చినోణ్ణి.

నా జాబితాకు ఒక్కటే సూత్రం. అక్కడ నా పేరు ఎవడూ అడగలేదు. పేరంటే ఒట్టి పేరు కాదని ఈ వ్యాసం చదివేవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. ఏ ఊరు, ఎవరి కొడుకువు, ఏ వాడ - ఈ మూడు ప్రశ్నలూ కలిస్తే ఒక ప్రశ్న. మా నల్లగొండ పల్లెల్లో దానికి జవాబు ముందే తెలుసు కాబట్టి అడగరు కూడా. మనిషి నడిచొచ్చిన దిక్కును బట్టే తెలిసిపోతది. మా ఊరి చాయ హోటల్లో మా గ్లాసులు చూరులో చెక్కి ఉండేవి. తీసుకోవాలె, తాగాలె, కడగాలె, మళ్ళీ చెక్కాలె. పైసలు మాత్రం అందరివీ ఒకే డబ్బాలో వేసుకునేటోడు. పైసకు మైల లేదు!

1987లో పట్నమొచ్చిన. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అంటే పాత ఆసఫియా లైబ్రరీ. 1891లో పెట్టింది. అంత పెద్ద బంగళాలోకి నన్ను ఎవరన్నా పోనిస్తారా అని మొదటిరోజు మెట్ల దగ్గర చానాసేపు నిలబడ్డ. ఎవరూ ఆపలేదు. పొద్దుగూకేదాక ఫ్యాను కింద కూర్చొని పేపర్లన్నీ చదివిన. పక్కన ఒక ముసలాయన ఉర్దూ పేపరు చదువుతున్నడు. లేచి పోతూ పేపరు నా దిక్కు జరిపి పోయిండు, నాకు ఉర్దూ రాకపాయె. ఆయన నన్ను చదువుకున్న మనిషి అనుకున్నడు, అంతే. ఆ అనుకోవడం నాకు కొత్త.

ఆబిడ్స్ ఆదివారం బజారు సంగతి అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను. అంబేద్కర్ 'కుల నిర్మూలన' మొదటిసారి నా చేతికొచ్చింది అక్కడే, అట్టలేని కాపీ. 1936లో లాహోరులో చదవాల్సిన ఉపన్యాసం. పిలిచినవాళ్ళే రాసింది చూసి బెదిరి సభ రద్దు చేసుకుంటే, ఆయనే సొంతంగా అచ్చు వేయించిండు. ఇక డబుల్ డెక్కర్ పై అంతస్తు: మా ఊర్లో దొర అరుగు మీద కూర్చుంటే మేం కింద నిలబడేవాళ్ళం. ఇక్కడ నేను పైన కూర్చుంటే అన్ని కులాలోళ్ళ తలకాయలూ నా కాళ్ళ కింద పోతుండె. చిల్లర సంతోషమే. కానీ సంతోషమే.

అసలు చెప్పాలనుకున్నది ఇరానీ హోటల్ గురించి.

పాలరాయి టేబుళ్ళు, కట్టె కుర్చీలు, గోడకు అద్దాలు, ఉస్మానియా బిస్కెట్లు. ఒక చాయ ఇద్దరం పంచుకొని రెండు గంటలు కూర్చున్నా లెవ్వమనేటోడు లేడు. మార్క్సు నుంచి మండల్ దాక అన్ని పంచాయితీలూ అక్కడే తెంపినం. నేను రెండో సంవత్సరంలో ఉండంగ మా అయ్య పట్నమొచ్చిండు. బియ్యం మూట, ఒక సీసాల తొక్కు తెచ్చిండు. గర్వంగా ఇరానీ హోటల్‌కు తీస్కపోయిన. కూర్చోమంటే కుర్చీ అంచు మీద కూర్చున్నడు. చాయ తాగిండు. తాగినంక సాసరు, కప్పు రెండూ చేతుల పట్టుకొని లేచి అటూ ఇటూ చూస్తున్నడు. ఏందయ్యా అంటే, "నీళ్ళేడున్నయి కొడుకా, కడిగిపెడ్త" అన్నడు.

బల్లలు తుడిచే పిలగాడు పరుగున వచ్చి, "ఛోడో చాచా" అని ఆయన చేతిలోంచి కప్పు గుంజుకున్నడు. వాడికది పని. మా అయ్యకు అది పిడుగు. ఆయన ఎంగిలి కప్పు ఇంకొకడు ముట్టుడు ఆయన అరవై ఏండ్ల బతుకులో అదే మొదలు.

బయటికొచ్చినంక అఫ్జల్‌గంజ్ పుల్ మీద నడుస్తా నడుస్తా అన్నడు: "వాళ్ళకు మన సంగతి తెల్వదు గదరా. తెల్వకుంట తాగితిమి. మోసం గాదా?"

ఈ ప్రశ్న నన్ను ముప్పై ఏండ్లకు పైగా విడవలేదు. నీతిశాస్త్రం పుస్తకాల్లో అబద్ధం గురించి చాలా ఉంది, మౌనం గురించి కూడా ఉంది. కానీ ఇట్లాంటి మౌనం గురించి నేను చదవలేదు. చెప్పాల్సిన బాధ్యత ఉన్న నిజాన్ని దాస్తే మోసం. మరి నా కులం ఎవరికి చెప్పాల్సిన బాధ్యత నాది? చాయ అమ్మేవాడికా? వాడు అమ్మింది చాయ, నేను ఇచ్చింది డబ్బు. ఆ లెక్కలో నా పుట్టుకకు చోటెక్కడిది? వెయ్యేండ్లుగా దొంగతనం చేసినోడు నిదానంగా నిద్రపోతున్నడు, పావు గంట మనిషిగా కూర్చున్నందుకు మా అయ్య తనను తాను దొంగ అనుకుంటున్నడు. మనువాదం పుస్తకంలో కాదు, ఇక్కడుంది. మన మంచితనంలోకి కూడా చొరబడి కూర్చుంది. అంత నిజాయితీ ఉన్న మనిషికి ఆ నిజాయితీనే సంకెలగా వేసింది.

హాస్టల్లో ఒక సీనియర్ ఉండేవాడు, ఉద్యమంలో తిరిగినవాడు. కారంచేడు (1985) తర్వాత చదువు పక్కన పెట్టి ఊర్లు తిరిగిండు. ఆయన మాట వేరే. "పేరు చెప్పకుండా దొరికే మర్యాద మర్యాద కాదు తమ్మీ. అది నీకు కాదు, నీ ప్యాంటుకు దొరికింది" అనేవాడు. నిజమే. మా అయ్య ధోతి, గొంగడితో ఇంకో హోటల్ గుమ్మం ఎక్కి ఉంటే ఏమయ్యేదో! 1991 ఆగస్టులో చుండూరు వార్త వచ్చిన రోజు మేం అదే ఇరానీ హోటల్లో ఉన్నం. పక్క టేబుల్ వాళ్ళు ఆ వార్త చదివి, మేమెవరమో తెలియక, మా ముందే తీర్పు చెప్పిండ్రు - వాళ్ళకు కొవ్వెక్కింది, అందుకే అని. పేరడగని చోటు అట్ల కూడా ఉంటది. నీవాళ్ళ శవాల గురించి నీ ఎదురుంగనే మాట్లాడుతరు. మా సీనియర్ లేచి తన పేరు, ఊరు, కులం మూడూ గట్టిగా చెప్పిండు. హోటలంతా చల్లబడ్డది. గల్లా దగ్గరి సేటు మాత్రం తలెత్తి, ఇంకో చాయ పంపిండు. పైసలు తీసుకోలేదు.

అయినా సీనియర్‌తో పూర్తిగా ఒప్పుకోలేను. పొద్దంతా బరువు మోసేవాడికి దించుకునే అరుగు కావాలె. అరుగు మీద కాసేపు కూర్చున్నడని వాణ్ణి పిరికోడు అంటామా? ఆ లైబ్రరీలో, ఆ పై అంతస్తు సీటులో నన్ను నేను ఎవరికీ వివరించుకోకుండా గడిపిన గంటలు లేకపోతే, తర్వాత పేరు చెప్పే దమ్ము ఎక్కడినుంచి వచ్చేది? 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మోగినంక మా పిలగాళ్ళు రెడ్లు, శర్మలు పెట్టుకున్నట్టే పేరు చివర మాదిగ అని పెట్టుకున్నరు. నేను సుత పెట్టుకున్న. ఆ పేరు పలకడం వెనక ఊరి చావిడి ఎంత ఉందో, పట్నం చాయ బల్ల కూడా అంతే ఉంది.

పట్నాన్ని పొగుడుతున్నానని అనుకోకండి. అంబేద్కర్ రాజ్యాంగ సభలో 1948లో పల్లెను తిట్టిన మాట వాస్తవం, కానీ పట్నం స్వర్గమని ఆయనా అనలేదు. అంతస్తు బస్సులో నేను ఊరేగుతున్నప్పుడే కింద మ్యాన్‌హోల్‌లోకి దిగుతున్నది ఎవరు? అక్కడ పేరడగాల్సిన పనే లేదు, పనే పేరు చెప్తది. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినయి. మనుషులు దిగుతనే ఉన్నరు. ఇరానీ హోటల్లో బల్లలు తుడిచిన ఆ పిలగాడు సుత ఏ బీద ఇంటోడో. నా సమానత్వం వాడి చేతి గుడ్డ మీద నడిచింది.

హుస్సేన్ సాగర్ కట్ట మీద సాయంత్రాలు కూడా నాకిష్టమే. 1990 మార్చిలో బుద్ధుని విగ్రహం తీస్కపోతున్న పడవ బోల్తాపడి, కూలి మనుషులు మునిగి చనిపోయిండ్రు. 1992 డిసెంబరులో నిలబెట్టేదాక ఆ రాతి బుద్ధుడు నీళ్ళ అడుగునే ఉన్నడు. మేం కట్ట మీద పల్లీలు తింటూ ఆ నీళ్ళ దిక్కు చూసేవాళ్ళం. బాబాసాహెబ్ 1956లో ఎంచుకున్న ఆయన ఇక్కడ ఎవరికీ కనబడకుండా పండుకున్నడు కదా అని. ఇప్పుడు అదే సాగర్ దగ్గర 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఉంది, 2023లో పెట్టిండ్రు. మంచిదే. కానీ విగ్రహం ఎంత ఎత్తుగా ఉన్నా దాని కింద నిలబడ్డవాడికి గది కిరాయికి దొరకాలె గదా.

నా బిడ్డ ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నది. పెద్ద పెద్ద అద్దాల మేడలున్న దిక్కు. గది కోసం ఫోన్‌లో వెతుకుతది. ఇల్లు చూడకముందే పేరు, ఫొటో, ఆఫీసు అన్నీ అవతలివాళ్ళకు చేరిపోతయి. టు-లెట్ బోర్డు మీద "శాకాహారులకే" అని రాసే పని కూడా తగ్గిపోయింది. అన్నం తెచ్చే పిలగానికి ఆమె పేరు తెలుసు, ఆమెకు ఆ పిలగాని పేరు తెలుసు. నాకు దొరికినటువంటి చీకటి మూల ఆమెకు ఎక్కడా లేదు. "పేరు పొట్టిగ రాయరాదే బిడ్డా, ఇల్లు దొరికేదాకన్నా" అన్నది వాళ్ళమ్మ. నేను నోరు తెరవలేదు. మా అయ్య అడిగిన ప్రశ్నకు అటు కొస ఇదే గదా.

బిడ్డ పూర్తి పేరే రాస్తున్నది. నిన్నటికి నాలుగు ఇండ్లు చూసింది. రెండిండ్లవాళ్ళు మళ్ళీ ఫోన్ ఎత్తలేదు, ఒకరు చుట్టాలొస్తున్నరు అన్నరు. నాలుగో ఇంటి ముసలమ్మ, కోడి కూర వండితే తనకూ గిన్నెడు పెట్టాలని షరతు పెట్టిందట. రేపు అడ్వాన్సు తీస్కొని పోతున్నం.