కృషికి కొలబద్ద యేది?

మనుష్యుడు జీవితకాలమంతయు పనిచేయును. ఆ పనికి విలువ కట్టువారెవరు? ఏ కొలబద్దతో కట్టుదురు? ఈ ప్రశ్న ప్రాచీనమైనదే యయినను, నేడు విద్యాలోకమున క్రొత్త రూపము దాల్చినది. ఒక శాస్త్రజ్ఞుని యోగ్యతను విచారించునపుడు, ఆతడెన్ని వ్యాసములు ప్రకటించెను, అవి యే పత్రికలలో వెలువడెను, వాని నెందరు ఉదహరించిరి అని లెక్కింతురు. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఈ లెక్కనంతటిని ఒక్క అంకెలోనికి కుదించు పద్ధతిని సైతము చెప్పెను. మన బిడ్డలలో పరిశోధనకు పూనుకొనినవారు ఆ అంకెను తలచుకొని దిగులుపడుట మేమెరుగుదుము. అట్టి అంకె మనిషి కృషిని నిజముగా తెలుపగలదా యన్నదే మా విచారణ.

మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాపని చేసినవారము. శాస్త్రమునకు తీర్పుచెప్పు అర్హత మాకు లేదు. కాని లెక్కకును పనికిని గల సంబంధము కొంత తెలియును. మేము పనిచేసిన కార్యాలయమున నెలాఖరునకు ఎవరెన్ని కాగితములు తేల్చిరో పట్టిక చూపవలసియుండెడిది. ఒక చిక్కు వ్యవహారమును పదిదినములు కూర్చుండి విప్పినవాని కెదుట ఒకటియే పడును. సులభమైనవి ఏరుకొని పది త్రోసినవాని కెదుట పది పడును. ఆ పట్టిక అబద్ధమాడలేదు. అది చెప్పినది కొంచెము, చెప్పనిది చాల.

ఈ విషయమును ఒక నాడీశాస్త్రజ్ఞుని జీవితమున పరిశీలింతము. శాంటియాగో రమోన్ ఇ కహాల్ 1852లో స్పెయిన్ దేశపు పెటిల్యా అను కుగ్రామమున జన్మించెను. చిత్రకారుడు కావలెనని ఆతని కోరిక. వైద్యుడు కావలెనని తండ్రి పట్టుదల. కొంతకాలము క్షురకుని వద్దను, చెప్పులు కుట్టువాని వద్దను పనికి కుదిర్చి తండ్రి ఆతని దండించెను. తుదకు వైద్యము చదివి, సైన్యముతో క్యూబా వెళ్ళి, మలేరియాతో చిక్కి తిరిగివచ్చి, శరీరశాస్త్రమును బోధించు నుపాధ్యాయుడయ్యెను. 1885లో కలరా సోకినప్పుడు చేసిన సేవకు సారగోసా ప్రాంతప్రభుత్వము ఆతనికొక మంచి సూక్ష్మదర్శినిని బహూకరించెను.

ఆ కాలమున మెదడు నిర్మాణమును గూర్చి పెద్దల అభిప్రాయ మొకటి యుండెను. నాడీతంతువులన్నియు ఒకదానిలో నొకటి కలిసిపోయి, ఎడతెగని వలవలె నున్నవని వారు తలచిరి. ఈ వాదమునకు అండ ఇటలీ దేశపు కమిల్లో గాల్జీ. 1873లో, ఒక ఆసుపత్రి వంటగదిని ప్రయోగశాలగా చేసుకొని, పొటాషియం డైక్రోమేటుతోను సిల్వర్ నైట్రేటుతోను నాడీకణములకు నలుపురంగు పట్టించు విధానమును ఆయన కనిపెట్టెను. వేలకణములలో ఏ కొన్నియో మాత్రమే నల్లబడి, కొమ్మరెమ్మలతో సహా స్పష్టముగా కానవచ్చును.

కహాల్ ఈ విధానమును 1887లో మాడ్రిడ్ నగరమున ఒక మిత్రుని యింట చూచెను. చూచి దానిని మెరుగుపరచెను. పెద్ద మెదళ్ళను విడిచి, పక్షుల పిండములను, పసిజంతువులను ఎన్నుకొనెను. ఊడలు దిగిన మర్రి క్రింద నిలిచినవానికి ఏది మాను, ఏది ఊడయో తెలియదు. మొక్కగా నున్నప్పుడు చూచినచో సందేహముండదు. అట్లు చూడగా పక్షుల చిన్నమెదడులోని తంతువులు మరియొక కణమును చుట్టుకొని ఆగిపోవుచున్నవే కాని దానిలో కలియుట లేదని తేలెను. ప్రతి నాడీకణమును దేనికది వేరు అని ఆతని నిర్ణయము.

ఇక ప్రకటించుటెట్లు? స్పానిషు పత్రికలను చదువు శాస్త్రజ్ఞులు విదేశములలో లేరు. ఉపాధ్యాయుని జీతము, పెరుగుచున్న సంసారము. అయినను 1888 మే నెలలో సొంత ఖర్చుతో ఒక త్రైమాసపత్రికను స్థాపించి, చిత్రములు తానే గీసి, అరువది ప్రతులు మాత్రము అచ్చువేయించి, విదేశ పండితులకు పంపెను. నేటి కొలబద్దతో చూచిన, పేరులేని పత్రికలో, ఎవరును చదువని భాషలో, తన డబ్బుతో తానే అచ్చువేసికొనిన వ్యాసము. దాని విలువ సున్న.

కాని ఆతడు లోకమును నిందించుచు కూర్చుండలేదు. 1889 అక్టోబరులో తన ఖర్చుతో బెర్లిన్ వెళ్ళి, జర్మను శరీరశాస్త్రజ్ఞుల సభలో సూక్ష్మదర్శిని యెదుట నిలిచి, రాని ఫ్రెంచిలో వచ్చినట్లు వివరించుచు, చూడుడని పిలిచెను. డెబ్బదిరెండేండ్ల వృద్ధుడు, ఆ శాస్త్రమున అగ్రగణ్యుడు కోలికర్ వంగి చూచెను. చూచి తన మతమును మార్చుకొనెను. 1891లో వాల్డేయర్ అను జర్మను పండితుడు ఆ కణమునకు న్యూరాన్ అని పేరిడెను.

ఇందు రెండు ధర్మములున్నవని మాకు తోచుచున్నది. మొదటిది, సంఖ్యకు వెరవక చూచిన సత్యమును వ్రాయుట. రెండవది, వ్రాసితిని గదా యని ఊరకుండక, దానిని నలుగురును పరీక్షింపగల చోటికి మోసికొనిపోవుట. మొదటిది చేసి రెండవది విడిచినవాడు త్యాగియని పేరొందవచ్చును. ఆతని సత్యము మాత్రము పెట్టెలోనే చెదలుపట్టును. తమిళనాట తరతరములుగా స్థిరపడిన మనకు ఇది సులభముగా బోధపడును. ఇంట తెలుగు, వీధిలో తమిళము, కచ్చేరిలో ఇంగ్లీషు. కహాల్ స్పానిషును విడువలేదు. పరులకు చూపుటకు పరభాషను నేర్వనని భీష్మించలేదు.

1906లో నోబెల్ బహుమతి కహాల్‌కును గాల్జీకిని కలిపి యిచ్చిరి. డిసెంబరు 11న గాల్జీ తన యుపన్యాసమున, తోటి గ్రహీత సిద్ధాంతమునే ఖండించెను. 1950 దశకమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రెండు నాడీకణముల నడుమ మిల్లీమీటరులో ఏబదివేలవ వంతు సందు కలదని చూపి, కహాల్ వైపు తీర్పునిచ్చెను. అయినను గాల్జీ యిచ్చిన సాధనము లేనిదే కహాల్ చూపు లేదు. అంతేకాక 2023లో, దువ్వెనజెల్లి అను సముద్రజీవిలో ఒక నాడీవల నిజముగనే ఎడతెగక కలిసియున్నదని కనుగొనిరి. ఓడిన వాదమునకును సృష్టిలో ఒక మూల చోటున్నదన్నమాట.

దీనికి ప్రతిగా మరియొక యుదాహరణము. 2006లో ఒక ప్రసిద్ధ పత్రికలో, ముసలితనమున మతిమరపు తెచ్చు అల్జీమర్స్ వ్యాధిని గూర్చి ఒక వ్యాసము వెలువడెను. దానిని ఉదహరించినవారు రెండువేలకు పైచిలుకు. అందలి బొమ్మలు మార్చబడినవని తేలగా 2024లో ఉపసంహరించిరి. అరువది ప్రతుల వ్యాసము నిలిచినది. వేలమంది మ్రొక్కినది నిలువలేదు. కన్నతల్లియే తమ్ము గుర్తింపని యిండ్లవారికి ఆ నడిమి పదునెనిమిదేండ్ల విలువ యెంతయో ఏ పట్టిక చెప్పును?

అయితే సంఖ్యను తీసివేసిన నేమి మిగులును? సిఫారసు మిగులునని కొందరి వాదము. ఇది త్రోసిపుచ్చరానిది. అండదండలు లేని యింటి బిడ్డకు మార్కుల పట్టిక, సీనియారిటీ జాబితా ఎంత రక్షణయో పరాయిసీమలో బ్రతికిన మనకు తెలియనిది కాదు. కావున లెక్క యుండవలసినదే. వాకిట నిలిచినవానిని లోనికి పిలుచుటకది చాలును. లోనికి వచ్చిన పిమ్మట ఆతడు వ్రాసినదానిని ఒకరు కూర్చుండి చదువవలెను. చదువు శ్రమకు ఓర్వక అంకెను చూచి తీర్పు చెప్పుటయే దోషము. ఆ దోషము అంకెది కాదు, తీర్పరిది. నాడు కోలికర్ ప్రతుల నెంచలేదు, సూక్ష్మదర్శిని మీదికి వంగెను.

మన యిండ్లకు సెలవులకు వచ్చు పరిశోధక విద్యార్థులను ఎన్ని వ్యాసములు వెలువడినవని అడుగుట మనకు వాడుక. ఏమి కనుగొంటివి, ఎవరికి చూపితివి, తప్పని చెప్పినవారెవరైన ఉన్నారా యని అడుగుట మేలని మా మనవి. వారి సమాధానము మనకు సగమే తెలిసినను, పూర్తిగా వినుటకు మాత్రము తీరిక చేసికొందము.