ప్రహ్లాదుని చదువు – పసివారి పరీక్ష

శ్రీమద్భాగవతము సప్తమ స్కంధమునందలి ప్రహ్లాద చరిత్రము తెలియని వైష్ణవ గృహము తెలుగునాట లేదు. స్తంభము పగులుట, నరహరి ఆవిర్భవించుట అందరి నాలుకలపైన ఉన్న ఘట్టములే. కాని ఆ కథకు మొదలు ఒక పరీక్ష యను సంగతిని గమనించువారు తక్కువ. అయిదేండ్ల పసిబాలుడు, చదువు చెప్పిన ఇద్దరు గురువులు, ఫలితమునకై ఎదురుచూచిన తండ్రి – వీరి నడుమ నడచినదే ఆ చరిత్రము.

హిరణ్యకశిపుడు శుక్రాచార్యుని పుత్రులైన శండామర్కుల కడకు కుమారుని చదువునకు పంపెను. కొంతకాలమునకు బిడ్డను తొడపై కూర్చుండబెట్టుకొని, నేర్చిన దానిలో మేలైనది చెప్పుమనెను. శ్రీహరిని ఆశ్రయించుటయే మేలని బాలుడు పలికెను. తండ్రి నవ్వి, ఎవరో పిల్లవాని బుద్ధి చెడగొట్టిరని తలచి మరల గురువుల యింటికి పంపించెను. ఈ మారు గురువులు ధర్మార్థకామములను, సామదానభేదదండములను గట్టిగా వల్లె వేయించిరి. మరల తండ్రి కడకు పోవునాడు తల్లి బిడ్డకు నలుగు పెట్టి, నీళ్ళుపోసి, అలంకరించి పంపినది. తండ్రి ఒడిలోనికి తీసికొని, శిరస్సు మూర్కొని, ఆనందబాష్పములతో తడిపి మరల అదే ప్రశ్న వేసెను. బాలుడు ఈ మారు నవవిధ భక్తులను చెప్పెను. తండ్రి మొదట గురువులపై మండిపడెను. మా తప్పు లేదని గురువులు తప్పుకొనిరి. కడపట ఆ కోపము బిడ్డపైకే వచ్చినది. ఏ ఒడిలో ముద్దాడెనో ఆ ఒడినుండియే నేలపైకి విసరివైచెను.

ఇచ్చట పెద్దలు ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. హిరణ్యకశిపునకు పుత్రప్రేమ లేదనుట సరికాదు. ఆ కన్నీరు నిజమైనదే, ఆ ఒడి నిజమైనదే. కాని ఆ ప్రేమకు ఒక నిబంధన ఉన్నది. తాను కోరిన జవాబు వచ్చినంతవరకే బిడ్డకు ఒడి. రానినాడు నేల. ఈ నిబంధనయే ఆసుర లక్షణము.

ఈ కథను యాదగిరిగుట్ట మెట్లపై కూర్చుండి తలచుకొనువారికి మరియొక సంగతి స్ఫురింపక మానదు. నల్లగొండ, పాలమూరు సీమలు నరసింహుని సీమలు. యాదగిరిలో పంచనారసింహుడు, కృష్ణాతీరమున మట్టపల్లిలోను, కృష్ణా మూసీ సంగమమున వాడపల్లిలోను లక్ష్మీనరసింహుడు, పాలమూరు వైపు సింగోటములో ఆ స్వామియే కొలువై యున్నారు. పసిబాలుని మొర విని స్తంభమునుండి వెలువడిన దేవుడు ఇన్ని చోట్ల వెలసిన ఈ నేలపై, నేడు తొమ్మిది పదియేండ్ల పసివారు తమ తలకు మించిన పరీక్షాభారమును మోయుచున్నారు.

ఆ పరీక్షలెట్టివో చెప్పవలెను. నాలుగవ తరగతి చదువు బిడ్డలు గురుకుల పాఠశాలల అయిదవ తరగతిలో ప్రవేశమునకు పరీక్ష వ్రాయుదురు. అయిదవ తరగతి బిడ్డలు జవాహర్ నవోదయ విద్యాలయముల ఆరవ తరగతికి వ్రాయుదురు. నల్లగొండకు చలకుర్తిలోను, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాకు వట్టెములోను నవోదయ విద్యాలయములు వెలసినవి. ఒక్కొక్క విద్యాలయమున ఆరవ తరగతికి గరిష్ఠముగా 80 స్థానములు. పరీక్షకు రెండు గంటల కాలము, 80 ప్రశ్నలు, 100 మార్కులు. ఒకమారు వ్రాసిన బిడ్డకు రెండవమారు వ్రాయు అవకాశము లేదు. పదియేండ్ల ప్రాణి జీవితములో ఒక దినమున రెండు గంటలు! ఆ వాకిలి అంతటితో తెరచుకొనును, లేదా మూసికొనును.

తల్లిదండ్రులను హిరణ్యకశిపునితో పోల్చి నిందించుట తేలిక. అది న్యాయము కాదు. హిరణ్యకశిపుడు అహంకారముతో అడిగెను. ఈ సీమలోని తండ్రి ఆకలితో అడుగుచున్నాడు. వానలు నిలుకడలేని మెట్టనేల, అడుగంటిన బోరుబావి, ఏండ్ల తరబడి ఎముకలను వంచిన నల్లగొండ ఫ్లోరైడు నీరు, దూరదేశముల ఆనకట్టల పనులకు మూటలు కట్టుకొని పోయిన పాలమూరు కూలీల బ్రతుకు – ఇవి కథలు కావు. అట్టి యింట గురుకులములో సీటు అనగా మూడుపూటల అన్నము, బట్టలు, పుస్తకములు, తలదాచుకొను చోటు, తల్లిదండ్రులు వలసపోయినను ఆగని చదువు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల నెలకొన్నపుడు ఉద్దేశించినదియు ఇదియే. 1986 జాతీయ విద్యావిధానము నవోదయములకు ఇచ్చిన ఆశయమును ఇట్టిదే, ప్రతిభగల పల్లెబిడ్డకు మంచి చదువు. ఆ బడులు ఎన్ని యిండ్లలో దీపములు వెలిగించినవో ఈ సీమవారికి తెలియును. తప్పు బడులది కాదు. దీపములు తక్కువ, చేతులు ఎక్కువ. అదియే సంకటము.

ఆ సంకటము పెద్దలది. దానిని పెద్దలు మోయవలెను. కాని అది మెల్లగా జారి పసివాని వీపుపైకి చేరుచున్నది. సంవత్సరము పొడవునను శిక్షణ, తెల్లవారుజాముననే మేలుకొలుపు, ఆటలేని ఆదివారము, పక్కింటి పిల్లవాని మార్కులతో పోలిక. కొందరు బిడ్డలు ఈ ఒక్క పరీక్షకై తల్లి ఒడి విడిచి శిక్షణాలయముల వసతిగృహములలో ఉండుటయు కలదు. బిడ్డల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలైనది. బిడ్డను కొట్టుటయు, మానసికముగా వేధించుటయు కూడదని ఆ చట్టము శాసించినది. చట్టము బడి గుమ్మమువరకు రాగలదు. ఇంటిలో అన్నము వడ్డించుచు అనెడి మాటను ఏ చట్టము ఆపగలదు? దానిని ఆపవలసినది ధర్మము.

పరీక్షకు ముందటి శనివారము గుట్టకు వచ్చు కుటుంబమును ఊహింపుడు. తండ్రి చేతిలో కొబ్బరికాయ, తల్లి కొంగున ముడుపు, బిడ్డ చేతిలో హాల్ టికెట్టు, క్రొత్త పెన్ను. వానిని స్వామి పాదముల కడ పెట్టించి తీసికొందురు. సీటు వచ్చినచో తలనీలాలిత్తుమని మ్రొక్కుకొందురు. క్రిందికి దిగునపుడు బిడ్డ నాయనమ్మ కొంగు పట్టుకొని, “సీటు రాకుంటే నర్సింహస్వామి నా మీద కోపం చేస్తడా, నాయనమ్మా?” అని అడుగును.

ఈ ప్రశ్న విన్న ఆస్తికుల గుండె కలుక్కుమనవలెను. పసిబాలుని కొరకు అవతరించిన స్వామిని మనము పసిబాలుని భయపెట్టు దేవునిగా చేసితిమా? తండ్రి కోపము, పంతులు కోపము చాలక, వాటికి పైన దైవకోపమును చేర్చితిమా? ఆ నాయనమ్మ శాస్త్రము చదివినది కాదు. అయినను, “దేవుడు సీటు చూస్తడా బిడ్డా? నువ్వు కడుపునిండ తిన్నవా లేదా అది చూస్తడు” అన్నచో, ఆమె మాటలో ప్రహ్లాద చరిత్రము సారమంతయు ఉన్నది.

పూర్వకాలపు చదువులో పరీక్షలు లేవా యని అడుగవచ్చును. ఉన్నవి. శలాకా పరీక్ష యని ఒకటి కలదు. తాళపత్ర గ్రంథములో సూది గ్రుచ్చి, ఏ పత్రము వచ్చిన ఆ పత్రమునకు విద్యార్థి వ్యాఖ్యానము చెప్పవలెను. మిక్కిలి కఠినమైన పరీక్ష. కాని అది ఏండ్లకొలది చదివి తల పండిన విద్యార్థికి చదువు చివర పెట్టునది. అక్షరాభ్యాసము దాటిన పసివానికి చదువు వాకిట పెట్టునది కాదు. గురువు ఒకమారు చెప్పగా శిష్యులు రెండుమారులు చెప్పు సంత పద్ధతిలో ఆలస్యముగా పట్టుబడిన బిడ్డకు మరియొక సంత దొరకెడిది.

అట్లని పూర్వకాలమునంతటిని పొగడుటయు సత్యము కాదు. ఆ పాఠశాలల వాకిళ్ళు అందరికిని తెరువబడలేదు. వీధిబడులలో కోదండము, గోడకుర్చీ వంటి శిక్షలు ఉండెడివి. నేటి గురుకులములలో పేదబిడ్డలు, గిరిజన తండాల బిడ్డలు, ఆడుబిడ్డలు కూర్చుండి చదువుకొనుట పూర్వులు చేయని మేలు. దానిని ఒప్పుకొనవలెను. శిక్షను సమర్థించుటకు కొందరు నీతివాక్యములను వల్లింతురు. ధర్మమును కోరు గురువు హింసలేకయే, మధురమైన మెత్తని మాటతోనే మేలును బోధింపవలెనని మనుస్మృతి రెండవ అధ్యాయము చెప్పిన సంగతిని వారు మరతురు.

శ్రీవైష్ణవ సంప్రదాయములో మరియొక దృష్టాంతము కలదు. భగవద్రామానుజులు మంత్రార్థమునకై శ్రీరంగమునుండి తిరుక్కోట్టియూరునకు పదునెనిమిది పర్యాయములు నడువవలసి వచ్చినదని గురుపరంపరలు చెప్పుచున్నవి. ఎన్నిమారులు వెనుకకు పంపినను ఆచార్యుడు వాకిలి శాశ్వతముగా మూసివేయలేదు. అంత కష్టపడి పొందిన మంత్రార్థమును రామానుజులు తమయొద్దనే దాచుకొనలేదు. అందరికిని ఎలుగెత్తి చాటిరి. తాను పడిన కష్టము ఇతరులును పడవలెనని కోరుకొనలేదు. “మేము పడలేదా, వీడును పడనిమ్ము” అను మాట మన యిండ్లలో వినబడునపుడు ఈ కథ జ్ఞాపకమునకు రావలెను.

పాలమూరు చెంత మన్యంకొండపై వేంకటేశ్వరస్వామి ఉలి తాకని మూర్తియని భక్తులు చెప్పుకొందురు. ఏ శిల్పియు చెక్కకయే ఆ స్వామి పూర్ణుడు. బిడ్డయు అట్టివాడే. చదువు దీపారాధన వంటిది. మూర్తిని కనబరచును, చెక్కదు. దెబ్బలతో, ఎత్తిపొడుపులతో, పోలికలతో బిడ్డను చెక్కబూనుట ఉలితాకని మూర్తిపై సుత్తి ఎత్తుటయే యగును.

గీతాచార్యుడు కర్మమునందే అధికారము, ఫలమునందు కాదని బోధించెను. ఈ మాటను పెద్దలు పిల్లలకు తరచుగా చెప్పుదురు. ఇచ్చట ఫలాపేక్ష యెవ్వరిది? బిడ్డ పెన్ను పట్టుకొని గళ్ళు నింపుచున్నాడు. ఫలమును లెక్కపెట్టుచు బడి గేటు వెలుపల నిలిచినవారు పెద్దలు. కనుక ఆ బోధ మొదట గేటు వెలుపలి వారికి చెందును. బిడ్డను చదివించుట, వేళకు అన్నము పెట్టుట, వేళకు నిద్రపుచ్చుట, తెలియనిదానిని విసుగులేక చెప్పుట – ఇది తల్లిదండ్రుల కర్మము. సీటు వారి అధికారములో లేదు. బిడ్డ అధికారములో అసలే లేదు.

గృహస్థులు పాటింపదగిన నియమములు కొన్ని గలవు. అవి కష్టమైనవి కావు. పరీక్ష నాటి ఉదయమున బిడ్డకు చెప్పవలసిన కడపటి మాట “బాగా వ్రాయి” యని కాక, “వ్రాసి రా, నీకోసము ఇచ్చటనే ఉందుము” అని కావలెను. మ్రొక్కులు మ్రొక్కుకొనదలచినచో పెద్దలు తమ పేర మ్రొక్కుకొనవలెను. బిడ్డ తలపై ఆ ఋణమును పెట్టరాదు. బిడ్డ వినుచుండగా చుట్టములతో మార్కుల ముచ్చట కూడదు. సీటు వచ్చిన బిడ్డను, రాని బిడ్డను ఒకే పంక్తిలో కూర్చుండబెట్టి ఒకే తీపి వడ్డింపవలెను. బిడ్డ తిండి మానినను, మాట తగ్గించినను, నిద్రలో ఉలికిపడినను అది సోమరితనము కాదు, భయమని గ్రహించి చదువు ప్రక్కన పెట్టి దగ్గరకు తీయవలెను. అవసరమైనచో వైద్యుని కడకు పోవుటకు సిగ్గుపడరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ ఒక్క వాకిలి మూసికొన్నను ఊరి బడి వాకిలి తెరచియే యున్నదని, అచ్చట చదివియు పైకి రావచ్చునని బిడ్డకు ముందుగనే చెప్పియుంచవలెను. సీటు రాదేమోయను పిరికితనముతో చెప్పునది కాదిది. బిడ్డ కాలికింద నేల ఉన్నదని తెలుపుట.

ప్రహ్లాద చరిత్రమనగా స్తంభ ఘట్టమొక్కటియే కాదు. గురువులు ఇంటిపనులపై పోయినపుడు తోటి బాలకులు ప్రహ్లాదుని ఆటకు పిలిచిరి. అతడు వారిని మందలింపక, నవ్వుచు దగ్గర కూర్చుండబెట్టుకొని మంచిమాటలు చెప్పెను. ఆ బాలకులు గురువుల బోధ విడచి అతని మాటనే పట్టుకొనిరి. దండముతో చెప్పిన చదువు అంటలేదు. చెలిమితో చెప్పినది అంటినది.

కడపట స్వామి వరమడుగుమనగా ప్రహ్లాదుడు తనకై ఏమియు కోరలేదు. తన్ను హింసించిన తండ్రి పాపము పోవలెనని కోరెను. ఒడినుండి నేలకు విసరబడిన బిడ్డ, ఆ విసరిన చేతికే క్షమను కోరినాడు. పసివారి హృదయము అట్టిది. తల్లిదండ్రులు ఎంత కఠినముగా పలికినను సాయంకాలమునకు వారి ప్రక్కనే వచ్చి పడుకొందురు. ఆ క్షమను పరీక్షింపరాదు.

కనుక ఫలితములు వచ్చిన దినమున, సీటు వచ్చినను రాకున్నను, బిడ్డను వెంటబెట్టుకొని సమీపమునందలి స్వామి సన్నిధికి పోవుడు. ముందు వచ్చినపుడు పట్టిన చేతినే మరల పట్టుకొనుడు. స్వామి ఉభయులకును ఒకే తీర్థము, ఒకే ప్రసాదము ఇచ్చును. శఠారి అందరి తలపైనను ఒకే విధముగా వ్రాలును. ఉగ్రరూపమున ఉన్నపుడు బ్రహ్మాదులు, లక్ష్మీదేవియు సమీపింప వెరచిరి. ఒక్క పసివాడు మాత్రము దగ్గరకు పోయెను. స్వామి వాని తలపై చేయి పెట్టెను. ఆ చేతి చల్లదనము ఈ సీమలోని ప్రతి బిడ్డ శిరస్సుపై, ప్రతి తల్లిదండ్రుల హృదయముపై నిలుచునట్లు శ్రీ లక్ష్మీనరసింహుడు అనుగ్రహించుగాక!

శుభమ్.