కాయకమునకు ద్వారమేది?

కాయకము అందరికిని విధింపబడిన ధర్మము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బసవేశ్వరుడును, ఆతని సహచరులగు శివశరణులును ఆచరించి చూపిన ఈ ధర్మమున రాజోద్యోగికిని, త్రాళ్లు పేనిన నులియ చందయ్యకును భేదము లేదు. ఏ వృత్తియు హీనము కాదు, సోమరితనమొక్కటే హీనము. ఈ మాట వేదికలపై పలుమార్లు వినబడుచుండును. అయితే చూపు లేనివాడో, నడువలేనివాడో, వినలేనివాడో పని నేర్చుకొనగోరి వచ్చినప్పుడు ఆ నేర్పు చోటి ద్వారమే మూసియున్నచో, కాయకము జరుగని దోషమెవ్వరిది? ఈ ప్రశ్నకు ముందుగా సమాధానము చెప్పవలసినది వికలాంగుడు కాదు. కాయకమును ధర్మముగా బోధించు సమాజమే.

2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. ఇంతమంది జీవితమును పూర్వజన్మ కర్మ యను ఒక్క మాటతో తీర్మానించుట సులభము. కాని ఆ మాట ఎవ్వరికిని ఒక పూట పనినైనను నేర్పజాలదు. దేహమే దేవాలయమను భావన గలవారు, ఏ దేహము దేవాలయము, ఏ దేహము కాదు అని కొలతలు వేయుట తగునా?

వికలాంగుని దినచర్యను దగ్గరనుండి గమనించినవారికి ఒక సంగతి బోధపడును. సామాన్యునికి చిన్న పనిగా తోచునది ఆతనికి ముందుగా ఆలోచించి అమర్చుకొనవలసిన కార్యము. చూపు లేనివాని ఇంట తాళపుచెవికి ఒక చోటు, మందులకు ఒక చోటు, మడిచిన బట్టలకు ఒక వరుస ఉండును. ఇంటివారెవరో గది ఊడ్చుచు ఆ తాళపుచెవిని మూరెడు దూరము జరిపినచో, ఆతనికి అరగంట కాలము వెదకులాటలోనే గడచును. చక్రముల కుర్చీలో తిరుగువాడు ఒక కార్యాలయమునకు పోవలెనన్న, మెట్లెన్ని, మరుగుదొడ్డి ఎక్కడ, తోడు వచ్చువారెవరు, ఆటోకు ఎంత అగును అని ముందురోజే విచారించుకొనవలెను. తీరా పోయిన పిదప అక్కడి ఉద్యోగి తల యెత్తకుండ “రేపు రండి” అనును. ఇతరులకు అది ఒక గంట నష్టము. ఆతనికి అది ఆటో కిరాయి, తోడు వచ్చినవాని కూలి, రెండు దినముల సత్తువ. ఒకరి అలసత్వమునకు మరియొకడు ఇట్లు మూల్యము చెల్లించును. చెల్లించినవానికే చేతగానివాడను పేరు వచ్చును.

శిక్షణ విషయమున ఈ అన్యాయము మరింత స్పష్టము. కంప్యూటరు నేర్పు కేంద్రము తరచుగా మేడపైన నుండును. ఉపాధ్యాయుడు తెరను చూపుచు “ఇక్కడ నొక్కండి, అక్కడ తెరవండి” అనును. ఆ “ఇక్కడ” ఎక్కడనో చూపు లేని విద్యార్థికి తెలియదు. తెరమీది అక్షరములను చదివి వినిపించు సాఫ్ట్‌వేరు నేడు కలదు. 2006లో ఆరంభమైన ఎన్.వి.డి.ఏ. అనునది ఉచితముగానే లభించును. అయితే పాఠమును కాగితమునకు ఫోటో తీసి ఇచ్చినచో, సాధారణముగా దానికి ఆ బొమ్మలో అక్షరములు దొరకవు. అదే పాఠమును టైపు చేసి ఇచ్చినచో చక్కగా వినబడును. పెదవుల కదలికను చూచి గ్రహించు బధిరుని ఎదుట, ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు తిరిగి మాటలాడినచో పాఠము గోడకే చెప్పినట్లగును. ఆరంగుళముల గడప దాటుటకు కావలసిన వాలుబాట పొడవు ఆరడుగులు మాత్రమే. ఇంత స్వల్పమైన ఏర్పాటులు చేయక, కడపట “ఈతనికి విద్య అబ్బలేదు” అని వ్రాయుట న్యాయమగునా?

దేశపు చట్టమును ఈ విషయమును గుర్తించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను పేర్కొన్నది. తగిన సర్దుబాటు చేయ నిరాకరించుటయు వివక్షయే యని అందు స్పష్టముగా చెప్పబడినది. కాని చట్టము తలుపు తెరువుమని ఆజ్ఞాపించునే గాని, లోనికి వచ్చినవానికి పాఠము చెప్పు ఓర్పును ఇయ్యజాలదు. ఆ ఓర్పు ధర్మబుద్ధినుండి రావలెను.

అట్లయిన భారమంతయు సమాజముదేనా? కాదు. వస్తువుల నొక క్రమమున ఉంచుకొనుట, కాలమును అంచనా వేసికొనుట, తనకేమి కావలెనో స్పష్టముగా చెప్పుట వికలాంగుని వంతు సాధన. సర్దుబాటు కోరుట యాచన కాదు. పనికి పనిముట్టు నడుగుట వంటిది. ఇక ఆతని పని మెల్లగా సాగునను ఆక్షేపము మిగులును. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యమేరి తెచ్చుటయే కాయకముగా గలవాడు. ఒకనాడాతడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు, ఆతని భార్య లక్కమ్మ ఆ అధికమును తిరిగి అక్కడనే వేసి రమ్మని పంపెనను కథ వీరశైవుల ఇండ్ల ప్రసిద్ధము. ప్రోగు పెద్దదగుట కాయకమునకు కొలత కాదని ఆ తల్లి ఎరుగును.

కర్ణాటకమున గదగు పట్టణమందలి వీరేశ్వర పుణ్యాశ్రమము ఈ విషయమున కన్నులు తెరిపించు దృష్టాంతము. అంధుడైన పంచాక్షర గవాయి (1892–1944) హానగల్ కుమారస్వామివారి ఆదరణతో సంగీతము నభ్యసించి, అంధబాలురకు ఆ విద్యను నేర్పుటకు ఈ ఆశ్రమమును నెలకొల్పెను. బాల్యముననే చూపు కోల్పోయిన పుట్టరాజ గవాయి (1914–2010) అక్కడ శిష్యుడుగా నేర్చి, గురువు అనంతరము ఆ ఆశ్రమమునకే పెద్దయై వేలమందికి విద్యాదానము చేసెను. 2010లో ఆయనకు పద్మభూషణ పురస్కారము లభించెను. గురువు పాడగా శిష్యుడు విని పాడునది సంగీతము. నేర్పు పద్ధతి నేర్చువాని దేహమునకు ఒదిగినందున అక్కడ అంధత్వము విద్యకు అడ్డు కాలేదు.

ఇందు దాసోహ రహస్యమును గలదు. వికలాంగునికి అన్నము పెట్టుట పుణ్యమని అందరును ఎరుగుదురు. కాని ఎల్లకాలమును పుచ్చుకొనువానిగనే ఉంచబడినవాడు, తాను ఇతరులకు పెట్టు భాగ్యమును కోల్పోవును. చేయి చాచువానికి పెట్టుట దానము. ఆ చేయి మరియొకరికి పెట్టునట్లు చేయుటయే దాసోహము.

కావున ప్రతి కుటుంబమును తన యింటి వికలాంగుని వస్తువులను ఆతడుంచిన చోటనే ఉండనీయవలెను. ఆతనికి బదులుగా తాము మాటలాడుట మానవలెను. మఠములు తమ పాఠశాలలలోను, వసతిగృహములలోను ఒక మెట్టు పక్కన ఒక వాలుబాటను నిర్మింపవలెను. పాఠములను చెవికిని, కంటికిని, చేతికిని అందునట్లు సిద్ధపరచవలెను. పని చేయని వానిని ప్రశ్నించుటకు ముందు, పని నేర్చు చోటికి వానికి దారి కలదా యని విచారించుట ధర్మము.