దూకని వాళ్లు

మేడారం జాతరలో జంపన్నవాగు గట్టు మీద వలంటీరుగా నిలబడ్డ మొదటి రోజున నాకు అప్పజెప్పిన పని ఒక్కటే: దూకొద్దు. ఎవరైనా మునుగుతుంటే ముందు కేకెయ్యాలి. చేతికందే దూరమైతే కర్ర చాచాలి. అందకపోతే తాడుకు ఖాళీ డబ్బా కట్టి విసరాలి. ఈతొచ్చినా సరే, దూకొద్దు. మునిగేవాడికి ఎదురుగా ఉన్నది మనిషని తెలియదు, పట్టు దొరికితే చాలు. ఆ పట్టులో గజ ఈతగాడూ మునుగుతాడు. ఇదంతా చెప్పినాయన నా మొహం చూసి నవ్వాడు. "మీరు దూకితె మాకు ఇద్దర్ని తీసే పని పడ్తది సారూ" అన్నాడు.

నాకు చిన్నతనమనిపించింది. పైగా ఆ మాట విన్న చోటు ఎలాంటిది! కాకతీయుల సైన్యంతో పోరాడి ఓడి, శత్రువు చేత చిక్కడం ఇష్టం లేక సమ్మక్క కొడుకు జంపన్న దూకిన వాగది. అంతకుముందు దాని పేరు సంపెంగవాగు అంటారు. దూకినవాడి పేరే దానికి నిలిచింది. రెండేళ్లకోసారి జాతరకు కోటి మందికి పైగా వస్తారని లెక్క చెబుతారు, వాళ్లంతా ఆ నీళ్లలో మునిగే గద్దెల వైపు నడుస్తారు. దూకినవాణ్ని కొలిచే గట్టు మీద, దూకొద్దన్న పాఠం.

ఆ తర్వాత నేర్చుకున్న పాఠాలు కూడా చాలావరకు 'వద్దు'లే. ఫిట్స్ వచ్చినవాడి చేతిలో తాళాలగుత్తి పెట్టొద్దు, నోట్లో చెంచా దూర్చొద్దు, కాళ్లూ చేతులూ అదిమి పట్టొద్దు. పక్కకు ఒత్తిగిల్లబెట్టి, తల కింద తువ్వాల పెట్టి, గడియారం చూస్తూ కూర్చోవాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పొయ్యొద్దు. బండి మీంచి పడ్డవాణ్ని మెడ కదిలేలా లేపి కూర్చోబెట్టొద్దు. మనూళ్లో సాయం అని పిలుచుకునే పనుల్లో సగం ఈ జాబితాలో ఉన్నాయి. అవి చేసేవాళ్లు దుర్మార్గులు కారు. కళ్లముందు ఒక మనిషి కొట్టుకుంటుంటే చేతులు ఊరుకోవు, అంతే. ఏదో ఒకటి చేస్తే తప్ప ఆ భయం తగ్గదు. తగ్గేది ఎవరి భయం అన్నదే నన్ను చాలాకాలం వెంటాడిన ప్రశ్న.

ఒక వానాకాలం తాడ్వాయి వైపు అడవి అంచున ఒక గూడెం. పత్తిచేలో కలుపు తీస్తున్న ఆమెకు పురుగు ముట్టింది. పాము అని నోటితో అనరు కదా. నేను చేరేసరికి ఆమె తమ్ముడు పిక్క మీద తువ్వాల బిగించి, ఇంకా బిగించబోతున్నాడు. ఇంకొకతను బ్లేడు తెచ్చాడు. పసరుకు మనిషి పోయాడు. నేను చేసిందల్లా ఆపడమే. తువ్వాల వదులు చేయించాను, కాలు వాచేలోగా పట్టాలూ మెట్టెలూ తీయించాను, కాలు కదలకుండా రెండు కర్రలు పెట్టి గుడ్డ చుట్టాను. నడవనివ్వకుండా మంచం మీదే రోడ్డుదాకా మోయించాను.

"గట్టిగ కట్టకపోతె ఇసం నెత్తికెక్కదా సారూ?" అని తమ్ముడు. ఎక్కదని చెప్పలేను. బిగించి కట్టినా ఎక్కేది ఎక్కుతుంది, రక్తపింజరి కాటైతే ఆ కట్టు కిందనే కండ కుళ్లుతుందని వివరించే సమయం కాదది. అప్పుడు వాళ్ల ముసలామె అన్నది: "నువ్వేం జెయ్యవు, మమ్ముల జెయ్యనియ్యవు. మరి ఏంటికొచ్చినవ్ కొడుకా?"

నా దగ్గర జవాబు లేకపోయింది.

కాటుపడ్డ ఆమె బతికింది. ఆ పుణ్యం ఆటో తోలినవాడిది, ఆస్పత్రిలో సమయానికి ఎక్కిన మందుది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తం నుంచి తీస్తారు ఆ మందును. దానికి పసరూ మంత్రమూ సాటిరావు. దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని ఒక అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి 58 వేలు. ఎక్కువమంది పల్లెల్లోనే, సగం దాకా వానాకాలంలోనే. వాళ్లలో ఎందరి చుట్టూ ఆ వేళ మనుషులు లేరు? గుంపే ఉండి ఉంటుంది. ఆ గుంపంతా ఏదో ఒకటి చేస్తూనే ఉండి ఉంటుంది.

గీతలో అకర్మలో కర్మను చూడమన్న చోట వ్యాఖ్యానాలు నాలుగైదు చదివాను. పంతులుద్యోగం కదా, చదవడానికి తీరిక ఉండేది. ఒక్కటీ తలకెక్కలేదు. ఆ గూడెంలో వదులు చేసిన తువ్వాల చేత్తో పట్టుకుని నిలబడ్డప్పుడు కొంచెం అందినట్టనిపించింది. కొంచెమే. ఎందుకంటే ఆ మాటను చేతగానివాడూ వాడుకోవచ్చు.

ములుగు మీదుగా ఏటూరునాగారం దాటి వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి పక్కన ఈ సంగతి తెలుస్తుంది. బైకు పడి ఉంటుంది, మనిషి పడి ఉంటాడు, చుట్టూ పదిమంది. పదిమందీ ఏమీ చేయరు. ఇద్దరు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తుంటారు. ముడితే కేసవుతుందని భయం. గాయపడ్డవాణ్ని ఆదుకున్నవాణ్ని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ ఆ రక్షణ చేరింది. చట్టం వచ్చింది, భయం పోలేదు. వాళ్లూ దూకని వాళ్లే, నేనూ దూకని వాణ్నే. దూరం నుంచి చూస్తే తేడా కనబడదు.

గుండె ఆగినవాడి దగ్గర ఆ తేడా కనబడుతుంది. అక్కడ ఆగడానికి వీల్లేదు. ఛాతీ మధ్య రెండు అరచేతులు పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు నొక్కుతూనే ఉండాలి. పక్కటెముక విరిగిన చప్పుడైనా ఆపకూడదు. గూడెంలో తువ్వాల విప్పిన చేతులే ఇక్కడ ఎముకలు విరిచేంత బలంగా నొక్కాలి. ఎక్కడ ఏది చేయాలో ముందే తెలిసి ఉండాలి, అప్పటికప్పుడు దయ చెప్పదు. అందుకే నాకు 'సేవాభావం' అన్న మాట మీద పెద్ద గౌరవం లేదు. భావం అందరికీ ఉంటుంది, బ్లేడు తెచ్చినవాడికీ ఉంది.

ఇంత గట్టిగా అనుకున్న నన్నూ 2023 జూలై కదిలించింది. 27వ తేదీ ఉదయానికి 24 గంటల్లో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణలో ఒక రోజులో అంత వాన అంతకుముందు నమోదు కాలేదు. అదే జంపన్నవాగు కొండాయి ఊరి మీదికొచ్చింది. ఎనిమిది మంది కొట్టుకుపోయారు. గట్టు మీద నిలబడాలన్న పాఠానికి గట్టే మిగలని రోజది. తాడెంత పొడవుంటే ఆ నీళ్లకు సరిపోయేది? హెలికాప్టర్లు, ఎన్‌డీఆర్‌ఎఫ్ పడవలు రావాల్సిందే, అవి వచ్చేలోగా జరిగేది జరిగిపోతుంది. మధ్యలో ఉన్న ఆ గంటలు ఎవరివి? పక్కింటివాడివే. ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలాయన ఉన్నాడో, ఏ ఇంట్లో నెలలు నిండిన ఆమె ఉందో పక్కింటివాడికి తెలిసినట్టు పడవవాడికి తెలియదు. ఆ తర్వాత మా బడిపిల్లలతో వీధుల వారీగా ఒక నోటుపుస్తకంలో అవే రాయించాను. ఏటా జూన్‌లో దిద్దుతాం. కొన్ని పేర్లు కొట్టేస్తాం, కొన్ని చేరుస్తాం. వలంటీరు పనిలో నాకు ఎక్కువ నచ్చేది ఇదే, చూడ్డానికి మాత్రం పటవారి లెక్కలా ఉంటుంది.

ఆ వాన రోజుల్లోనే ఒక రాత్రి, పేరు కూడా లేని ఒక ఒర్రె మధ్యలో ట్రాక్టరు ఆగిపోయింది. దాని మీద ఒక్కడే మనిషి. మా దగ్గర తాడుంది. నీటి ఉరవడి చూస్తే విసరొచ్చు గానీ, అందుకున్నా అతను ఆ నీళ్లను దాటలేడు. ట్రాక్టరు బరువుగా ఉంది, కదలట్లేదు. కూర్చోమన్నాం. మేమూ కూర్చున్నాం, నలుగురం, ఇవతలి ఒడ్డున, టార్చిలైటు అతని మీద కాకుండా పక్కన నీళ్ల మీద పడేలా పట్టుకుని. మా కుర్రాడొకడు రెండుసార్లు చొక్కా విప్పాడు, రెండుసార్లు తొడిగించాను.

మాట్లాడుతూనే ఉండమన్నాను. పత్తి ధర గురించి, వాళ్ల బిడ్డ పెళ్లి గురించి, ట్రాక్టరు కిస్తీ గురించి మాట్లాడాడు. మధ్యమధ్యలో "టైమెంతయింది సారూ?" అని అడిగేవాడు. అడిగినప్పుడల్లా ఓ ఇరవై నిమిషాలు కలిపి చెప్పాను. తెల్లవారుజామున వాన వెలిసింది. పొద్దు పొడిచేసరికి నీళ్లు మోకాలి దాకా తగ్గాయి. అతనే దిగి, ట్రాక్టరు చక్రాన్ని ఓసారి చేత్తో తట్టి, నడుచుకుంటూ ఒడ్డుకొచ్చాడు. తాడు ఇంకా చుట్ట చుట్టే ఉంది.

గట్టెక్కి నా వాచీ చూశాడు. తన ఫోన్ తీసి చూసుకున్నాడు, అది తడిసి ఆగిపోయింది. మళ్లీ నా వాచీ చూసి, "రాత్రి తప్పు చెప్పినవు గదా" అన్నాడు. బీడీ ఉందా అని అడిగాడు.